బజర్ ఎప్పుడు మోగుతుందో ముందే తెలిస్తే

మా అక్క కూతురు పైలట్. ఎ320 విమానంలో కుడి సీటు, అంటే ఫస్ట్ ఆఫీసర్. పోయిన దసరా అయ్యాక సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చింది. ఆ మంగళవారం మా ఊళ్లో స్కూటీ కూడా కదలదు. మూడు లాంతర్ల సెంటర్ వైపు వెళ్లే దారులన్నీ కట్టేస్తారు, కోట నుంచి పైడితల్లి అమ్మవారి గుడి దాకా ఎటు చూసినా తలకాయలే. సిరిమాను మూడుసార్లు తిరగడం చూసి, కాళ్లు పీకుతుంటే ఇంటికొచ్చి ఇద్దరం మేడ ఎక్కాం. కింద నుంచి అక్క జంతికలు పంపింది.

"మొన్ననే సిమ్‌కి వెళ్లొచ్చాను మావయ్యా. స్టాల్ చేయించారు," అంది. సిమ్ అంటే ఫోనులో వేసేది కాదు, సిమ్యులేటర్. ఆరు నెలలకోసారి అందులో వీళ్లకి పరీక్ష ఉంటుంది.

"చేయించబోతున్నామని ముందే చెప్పారా?"

"చెప్పకపోతే ఎలా? బ్రీఫింగ్‌లోనే ఉంటుంది కదా. ఫలానా ఎత్తులో, ఫలానా స్పీడులో, ముందు నువ్వు చెయ్యి, తర్వాత కెప్టెన్ చేస్తారు అని."

"మరి ఎలా చేశావు?"

"పర్‌ఫెక్ట్," అంది.

ఆ మాట నాకు జంతిక ముక్కలా గొంతుకడ్డం పడింది. తనకి రాదని కాదు. నాకంటే వెయ్యి రెట్లు చురుకైన పిల్ల. కానీ అదే "పర్‌ఫెక్ట్" నేను ఇరవై నాలుగేళ్లు విన్నాను, రాశాను, సంతకం పెట్టాను. హెవీ వెహికల్ డ్రైవర్లకి ట్రైనింగ్ ఇవ్వడం నా ఉద్యోగం. విమానం నడపడం నాకు రాదు, ఎక్కిందే నాలుగైదు సార్లు. ఇది చదివే పైలట్లెవరైనా "బస్సు మేస్టారికి మా గొడవెందుకు" అనుకుంటే తప్పు పట్టను. భయపడ్డ మనిషి చెయ్యి ఎటు పోతుంది, కాలు ఎటు పోతుంది అన్నది మాత్రం పక్క సీటులో కూర్చుని చాలా దగ్గర్నుంచి చూశాను. ఆ ధైర్యంతోనే ఈ మాట అంటున్నాను. ముందే చెప్పి చేయించిన స్టాల్‌లో పాసైతే, పైలట్‌కి ఆ విద్య వచ్చని తెలుస్తుంది. చెప్పకుండా వచ్చిన రోజున ఆ విద్య చేతికి అందుతుందో లేదో తెలియదు. ప్రపంచమంతా మొదటిదాన్ని కొలిచి రెండోది కూడా కొలిచేశామని అనుకుంటోంది.

ముందు స్టాల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మా బండ్ల భాషలో ఆ మాటకి అర్థం వేరు. క్లచ్ టపీమని వదిలేస్తే ఇంజిన్ ఆగిపోతుంది చూడండి, దాన్ని మేం స్టాల్ అంటాం. విమానంలో ఆగేది ఇంజిన్ కాదు. ఇంజిన్లు రెండూ గాండ్రిస్తుండగానే స్టాల్ కావచ్చు. అక్కడ పని మానేసేది రెక్క.

చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టని వాళ్లుండరు. (పెట్టకూడదని పక్కనే రాసి ఉంటుంది, ఆ బోర్డు కింద నుంచే పెడతాం.) అరచెయ్యి బల్లపరుపుగా ఉంచి, బొటనవేలి వైపు కొంచెం పైకి వంచితే గాలి చేతిని లేపుతుంది. ఇంకొంచెం వంచితే ఇంకొంచెం లేస్తుంది. అలా వంచుకుంటూ పోతే ఒకచోట లేవడం ఆగిపోయి చెయ్యి వెనక్కి కొట్టుకుపోతుంది. రెక్కా అంతే. ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య కోణం ఒక హద్దు దాటితే, మామూలుగా అది 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, పైన సాఫీగా జారాల్సిన గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. విమానాన్ని మోసే బలం పడిపోతుంది. దీనికి మందు కోణం తగ్గించడమే, అంటే ముక్కు కిందికి దించాలి. పడిపోతున్న విమానాన్ని ఇంకా కిందికి చూపించాలన్నమాట. మనిషి ఒళ్లు ఒప్పుకోని పని ఇది. పడిపోయేవాడు చేతికి దొరికినదాన్ని పట్టుకుని తన వైపు లాక్కుంటాడు. కాక్‌పిట్‌లో చేతికి దొరికేది కంట్రోల్. దాన్ని లాక్కుంటే ముక్కు పైకి లేస్తుంది, కోణం పెరుగుతుంది, స్టాల్ ముదురుతుంది.

బస్సులో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది.

ఎయిర్ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజిన్ నడుస్తుంటే కంప్రెసర్ ట్యాంకుల్లోకి గాలి నింపుతుంది, బ్రేకు తొక్కిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది. ప్రెషర్ బాగా తగ్గితే బజర్ మోగుతుంది. అప్పుడు చేయకూడని పని ఏమిటంటే, పెడల్‌ని సైకిల్ పంపులా టకటకా కొట్టడం. కొట్టేకొద్దీ ఉన్న గాలి కూడా పోతుంది. గేరు తగ్గించి, ఇంజిన్ పట్టుతో వేగం చంపి, ఒకే ఒక్కసారి నిలకడగా తొక్కి పక్కకి ఆపాలి. ప్రెషర్ మరీ పడిపోతే వెనక చక్రాల స్ప్రింగ్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. వానలో మలుపు మీద అలా పట్టేస్తే అదింకో గండం.

సాలూరు దాటి సుంకి వైపు వెళ్లే ఘాట్ రోడ్డు మీద ఒకసారి ట్రైనింగ్ బస్సు దింపుకొస్తున్నాం. సాలూరు అప్పటికి మా విజయనగరం జిల్లాలోనే ఉండేది. స్టీరింగ్ దగ్గర గజపతినగరం వైపు కుర్రాడు. రాతపరీక్షలో బజర్ ప్రశ్నకి ఫుల్ మార్కులు. గ్రౌండులో నేను "ఇప్పుడు బజర్ మోగిందనుకో" అంటే చక్కగా గేరు దించి, పక్కకి తీసి చూపించినవాడు. ఆ రోజు సన్నగా వాన. ముందు లోడు లారీ పాకుతోంది. వీడు ప్రతి మలుపుకీ బ్రేకు మీద బ్రేకు వేస్తూనే ఉన్నాడు. చూశాను, కింద దిగాక చెబుదాంలే అనుకున్నాను. బజర్ మోగింది. అతని కాలు నాకు ఇప్పటికీ కనబడుతుంది, నీలం స్ట్రాపు రబ్బరు చెప్పు. ఆ చెప్పు పెడల్ మీద నాలుగైదు సార్లు టకటకా పడింది. "గేరు! గేరు!" అని అరిచాను. అతను తల తిప్పి నా వైపు చూశాడు, రోడ్డు వైపు కాదు. చెయ్యి గేర్ రాడ్ మీదే ఉంది గానీ కదల్లేదు. "క్లచ్ తొక్కరా" అని, అతని చేతి మీద నా చెయ్యి వేసి నేనే సెకండులోకి లాగాను. బండి మూలుగుతూ నెమ్మదించి, కొండ వైపు కాలవలో ఎడమ చక్రం దిగబడి ఆగింది. సైడు అద్దం ఒకటి పోయింది. అంతే, బతికిపోయాం.

టీ తాగించి అడిగాను, అలా ఎందుకు కొట్టావని. "ఏటో సార్, ఆ సౌండుకి ఏటీ గుర్తుకు రాలేదు," అన్నాడు.

తెలియక కాదు, గుర్తుకు రాలేదు. నేను నేర్పింది 'బజర్ మోగిందనుకో' అన్న నా గొంతుకి ఏం చేయాలో. బజర్‌కి ఏం చేయాలో నేర్పలేదు.

ఊరికొచ్చాక మెకానిక్‌ని బతిమాలి నా సీటు కింద ఓ స్విచ్చి పెట్టించాను. నొక్కితే బజర్ మోగుతుంది, ట్యాంకుల్లో గాలి మాత్రం నిండుగా ఉంటుంది. నెల్లిమర్ల రోడ్డు మీద, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు, మాటల మధ్యలో నొక్కేవాణ్ణి. ఒకడు పైకి చూశాడు. ఒకడు హారన్ కొట్టాడు. ఇరవై ఏళ్లు లారీ నడిపి వచ్చిన పెద్దాయన "ఏటి సార్ ఆ సౌండు?" అని నన్నే అడిగాడు. ఎక్కువమంది బ్రేకు పంపు కొట్టారు. వీళ్లందరూ రాతపరీక్ష పాసైనవాళ్లే. మూడోసారో నాలుగోసారో మోగేసరికి మాత్రం చాలామందికి చెయ్యి తనంతట తనే గేరు మీదికి పోయేది. నాలుగు నెలలు సాగింది. తర్వాత పైవాళ్లకి తెలిసి, డ్రైవర్లని భయపెడుతున్నానని, డీజిల్ వృథా అని స్విచ్చి పీకించేశారు.

ఈ అనుభవం కళ్లల్లో పెట్టుకుని, రిటైరయ్యాక, మేనకోడలి పుణ్యమా అని విమాన ప్రమాదాల రిపోర్టులు చదవడం మొదలుపెట్టాను.

2009 జూన్ 1. ఎయిర్ ఫ్రాన్స్ 447, ఎ330 విమానం, రియో డి జనీరో నుంచి పారిస్‌కి. అట్లాంటిక్ మీద 35,000 అడుగుల ఎత్తు, అర్ధరాత్రి దాటింది, కెప్టెన్ విశ్రాంతికి వెళ్లాడు, కాక్‌పిట్‌లో ఇద్దరు కో-పైలట్లు. వేగం కొలిచే పిటోట్ గొట్టాల్లో మంచు స్ఫటికాలు అడ్డుపడ్డాయి. వేగం అంకెలు తప్పడంతో ఆటోపైలట్ చేతులెత్తేసింది. విమానానికి అప్పటికి వేరే జబ్బేమీ లేదు. అలాగే తిన్నగా పట్టుకుని ఓ నిమిషం ఓపిక పట్టినా సరిపోయేది. కుడి సీటులో ఉన్నాయన కంట్రోల్ స్టిక్ వెనక్కి లాగాడు. విమానం దాదాపు 38,000 అడుగులకి ఎక్కి, వేగం కోల్పోయి, స్టాల్ అయింది. స్టాల్ హెచ్చరిక ఆగకుండా 54 సెకన్లు మోగింది. ఆ 54 సెకన్లలో ఇద్దరిలో ఒక్కరి నోటి నుంచి కూడా స్టాల్ అన్న మాట రాలేదు. ఆటోపైలట్ ఊడిన దగ్గర్నుంచి సముద్రాన్ని తాకేదాకా నాలుగు నిమిషాల 23 సెకన్లు. 228 మంది.

ఇందులో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటుంది. కొలిచిన వేగం 60 నాట్ల కంటే, అంటే గంటకి సుమారు 110 కిలోమీటర్ల కంటే తగ్గితే, కోణం చెప్పే లెక్కలు నమ్మదగ్గవి కావని కంప్యూటర్ వాటిని పక్కన పెట్టేస్తుంది, హెచ్చరిక ఆగిపోతుంది. విమానం అంత ఘోరమైన స్టాల్‌లోకి వెళ్లింది. దాంతో స్టిక్ వెనక్కి లాగినప్పుడు చప్పుడు ఆగింది, పొరపాటున ముందుకి నెట్టినప్పుడు మళ్లీ మోగింది. తప్పు చేస్తే మెచ్చుకుని ఒప్పు చేస్తే తిట్టే మేస్టారు దొరికినట్టు. 'బజర్ ఆగితే ప్రమాదం తప్పినట్టే' అని నేర్చుకున్న ఏ మనిషైనా అక్కడ మోసపోతాడు.

ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ 2012లో ఇచ్చిన తుది రిపోర్టు ప్రకారం, వేగం అంకెలు నమ్మలేనప్పుడు ఏం చేయాలో, చేత్తో విమానం ఎలా నడపాలో ఆ కో-పైలట్లకి అంత ఎత్తులో ఎప్పుడూ ట్రైనింగ్ ఇవ్వలేదు. అది చదువుతుంటే రబ్బరు చెప్పు కనబడింది నాకు.

అదే 2009లో, ఫిబ్రవరి 12న అమెరికాలో బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలింది. నేల మీద ఉన్న ఒకాయనతో కలిపి 50 మంది. దిగడానికి వస్తూ వేగం పడిపోతుంటే ఇద్దరూ గమనించలేదు. స్టిక్ షేకర్, అంటే కంట్రోల్ కాలమ్‌ని గడగడా వణికించి హెచ్చరించే ఏర్పాటు, పనిచేసింది. కెప్టెన్ వెనక్కి లాగాడు. స్టిక్ పుషర్ తనంతట తను ముక్కు దించబోతే దాంతో కూడా కుస్తీ పట్టి లాగాడు. అప్పటి ట్రైనింగులో స్టాల్ దాకా వెళ్లనిచ్చేవారు కాదు, దాని గుమ్మం దగ్గరే ఆపేవారు. అక్కడ నుంచి ఎత్తు వీలైనంత తక్కువ పోగొట్టుకుని బయటపడటమే పరీక్ష. ఎత్తు పోతే మార్కులు పోతాయంటే మనిషి ఏం నేర్చుకుంటాడు? ముక్కు పడనివ్వకూడదని నేర్చుకుంటాడు. పరీక్ష హాల్లో మంచి అలవాటు, బయట ప్రాణాంతకం.

న్యాయంగా చెప్పాలంటే, తర్వాత చాలా మారింది. కోల్గన్ మృతుల కుటుంబాలు పట్టు వదలకుండా తిరిగితే 2010లో అమెరికాలో చట్టం వచ్చింది. 2013లో నిబంధనలొచ్చాయి, 2019 మార్చి కల్లా అక్కడి ఎయిర్‌లైన్ పైలట్లందరికీ సిమ్యులేటర్‌లో పూర్తి స్టాల్ చేయించడం తప్పనిసరైంది. ఇప్పుడు మొదటి సూత్రం ఎత్తు కాపాడుకోవడం కాదు, కోణం తగ్గించడం. పవర్ ఆ తర్వాత. మా పిల్ల కూడా అదే చెప్పింది, చెయ్యి ముందుకి చాచి, జంతికల పళ్లెం మీదుగా. ఐరోపాలో 2019 డిసెంబర్ నుంచి ఎయిర్‌లైన్ పైలట్‌గా చేరేవాళ్లు చిన్న విమానంలో నిజంగా ఆకాశంలోనే కనీసం 3 గంటలు ఇలాంటి విన్యాసాలు చేయాలి. ఇదంతా మంచిదే. ఏం చేయాలన్నది సరిచేశారు. ఎప్పుడు మోగుతుందన్నది మాత్రం ఇంకా బ్రీఫింగ్ కాగితం మీదే ఉంది.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. 2013లో అమెరికాలో కాస్నర్ అనే పరిశోధకుడు ఇద్దరు సహచరులతో కలిసి 18 మంది ఎయిర్‌లైన్ పైలట్లని 747 సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టాడు. స్టాల్, నేలకి దగ్గర్లో గాలి దిశ మారిపోవడం, టేకాఫ్‌లో ఇంజిన్ పోవడం, ఈ మూడూ ముందు ట్రైనింగులో ఇచ్చే పద్ధతిలోనే ఇచ్చారు. అందరూ ఒకేలా, చక్కగా చేశారు. తర్వాత అవే సంఘటనలు ఊహించని చోట ఇచ్చారు. స్పందనలు ఆలస్యమయ్యాయి, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు అయింది. నెల్లిమర్ల రోడ్డు మీద నేను చూసింది అచ్చంగా ఇదే, కాకపోతే వాళ్లు లెక్కగట్టి రాశారు, నాకు స్విచ్చి పీకించేశారు.

తర్వాత నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. 20 మంది పైలట్లని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పాఠాలు క్రమం ప్రకారం, ముందే తెలిసేలా ఇచ్చారు. ఇంకో జట్టుకి తారుమారుగా, చెప్పకుండా ఇచ్చారు. చివర్లో రెండు జట్లకీ కొత్త చిక్కు ఎదురైతే రెండో జట్టే మెరుగ్గా చేసింది. 20 మందితో లోకాన్ని తీర్పు చెప్పలేం, ఒప్పుకుంటాను. కానీ ఏ వైపు నడవాలో చూపించడానికి చాలు.

మేనకోడలు ఇదంతా వింటూ నాలుగో జంతిక ముగించింది. తర్వాత నా మీద పడింది.

"587 చదివావా మావయ్యా?"

చదవలేదు. తనే చెప్పింది. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో టేకాఫ్ అయిన కాసేపటికే అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 ఇళ్ల మీద కూలి, కింద ఉన్న ఐదుగురితో కలిపి 265 మంది చనిపోయారు. ముందు వెళ్లిన పెద్ద విమానం రేపిన గాలి సుడిలో ఇది కాస్త ఊగింది. కో-పైలట్ రడ్డర్ పెడళ్లని, అంటే ముక్కుని పక్కలకి తిప్పే తోక పలకని కదిపే పెడళ్లని, అటూ ఇటూ బలంగా తొక్కాడు. ఆ దెబ్బకి తోక మీది నిలువు రెక్క ఊడిపోయింది. రడ్డర్ డిజైన్‌తో పాటు ఆ కంపెనీ ఇచ్చిన ప్రత్యేక ట్రైనింగులోని కొన్ని అంశాలు కూడా దీనికి కారణమయ్యాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఏ ప్రమాదం నుంచి బయటపడాలని నేర్పారో, ఆ నేర్పడంలోనే తేడా ఉంది.

"ట్రైనింగ్ ఎక్కువైతే మంచిదే అనుకోకు. తప్పు ట్రైనింగ్ అసలు లేకపోవడం కంటే ప్రమాదం. భయపెట్టి నేర్పితే చెయ్యి వేగంగా కదులుతుంది, బుర్ర కదలదు," అంది.

అక్కడ నేను కాసేపు నోరెత్తలేదు. ఎందుకంటే నా దగ్గరా అలాంటి కథ ఒకటుంది, ఎవరికీ చెప్పుకోనిది. నా స్విచ్చి బ్యాచ్‌లో చదువుకున్న ఒకడు రెండేళ్ల తర్వాత ఆనందపురం దగ్గర హైవే మీద మంచి వేగంలో ఉండగా బజర్ మోగింది. వైరు షార్టయింది, గాలికేమీ కాలేదు. ముందున్న గేజ్ వైపు చూస్తే ముల్లు నిండుగా కనబడేది. చూడలేదు. టక్కున గేరు దించేశాడు. వెనక వస్తున్న లారీ డ్రైవర్ మంచివాడు కాబట్టి పక్కకి కోసేసి తిట్టుకుంటూ పోయాడు. తర్వాత నాకు ఫోన్ చేసి "మీరు చెప్పినట్టే చేశాను సార్" అన్నాడు, గర్వంగా. చెయ్యి గేరు మీదికి పోవడం నేర్పాను. పోయే ముందు కన్ను గేజ్ మీదికి పోవాలని నేర్పలేదు.

అంచేత నా వాదనకి అక్కడ మాసిక వేసుకున్నాను. చెప్పకుండా మోగించడం ఒక్కటే చాలదు. కొన్నిసార్లు దొంగ బజర్ మోగాలి, కొన్నిసార్లు అసలైనది, మోగాల్సినప్పుడు మోగనిది కూడా ఉండాలి. ఏది ఏదో పోల్చుకోవడమే పాఠం. 447లో లోపించింది చేతి వేగం కాదు, 'ఇది స్టాల్' అన్న ఒక్క మాట.

మాటంటే గుర్తొచ్చింది. 2014 డిసెంబర్ 28న సురబయ నుంచి సింగపూర్ వెళ్తూ జావా సముద్రంలో కూలిన ఎయిర్ ఏషియా 8501లో 162 మంది ఉన్నారు. స్టాల్‌లోకి జారుతున్నప్పుడు కెప్టెన్ "పుల్ డౌన్" అని మళ్లీ మళ్లీ అన్నట్టు ఇండోనేషియా దర్యాప్తు రిపోర్టులో ఉంది. పుల్ అంటే స్టిక్ లాగమని, లాగితే ముక్కు పైకి. డౌన్ అంటే కిందికి. ఒకే ఆజ్ఞలో రెండు దిక్కులు. పక్కనున్నాయన లాగుతూనే ఉన్నాడు. నవ్వడానికి నాకు అర్హత లేదు. ఘాట్‌లో "గేరు! గేరు!" అని అరిచానే తప్ప ఎక్కించాలో దించాలో నేను మాత్రం చెప్పానా? ఆ సెకన్లో నోటికొచ్చే మాట కూడా ముందే అరిగి ఉండాలి. దాన్ని చెప్పి చేయించే పరీక్షలో ఎవరూ అరగదీయరు, ఎందుకంటే అక్కడ ఎవరూ అరవరు.

సిమ్యులేటర్‌లో ఎవరూ ఎందుకు అరవరంటే, అది పరీక్ష కాబట్టి. మన వైపు ఇంటర్ చదివిన పిల్లలకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంపార్టెంట్ ప్రశ్నలు, గెస్ పేపర్, మోడల్ పేపర్. ఫలానా చాప్టర్లో ఫలానా లెక్క గ్యారంటీ. వందకి తొంభై ఎనిమిది వస్తాయి, లెక్కని వీధిలో చూస్తే గుర్తుపట్టరు. సిమ్‌కి వెళ్లే ముందు, ఏ ఇన్‌స్ట్రక్టర్ ఏమేం ఇస్తాడో తోటివాళ్లని కనుక్కుంటారా అని అడిగితే మా పిల్ల నవ్వింది. "లైసెన్సు మావయ్యా. ఫెయిలైతే ఇంటికి ఈఎమ్ఐ ఎవరు కడతారు?" ట్రైనింగుకి చేసిన అప్పే కోటికి దగ్గరగా ఉంటే, ఆ పిల్లని తప్పు పట్టడం ఎలా? లైసెన్సు తీసి టేబుల్ మీద పెట్టించి, ఇప్పుడు ధైర్యంగా తప్పులు చేసి నేర్చుకో అంటే ఎవరు నేర్చుకుంటారు? అందుకే ఊహించని సంఘటనలకి మార్కులుండకూడదంటాను. రిజిస్టర్లో 'జరిగింది' అని రాస్తే చాలు, ఎలా చేశారో ఆ గదిలోనే ఉండిపోవాలి.

సిమ్యులేటర్‌కీ హద్దులున్నాయి, నిజమే. ఆరు కాళ్ల మీద ఊగే ఆ పెట్టె వణుకు ఇవ్వగలదు గానీ, పడిపోతున్నప్పుడు ఒళ్లు తేలికైపోయే ఆ ఖాళీని ఎక్కువసేపు ఇవ్వలేదు. ఇంతకుముందు స్టాల్ దాటాక విమానం ఎలా కదులుతుందన్న లెక్కలు కూడా అందులో సరిగ్గా ఉండేవి కావు. ఇప్పుడు అమెరికా నిబంధనలు వాటిని మెరుగుపరచమన్నాయి. కానీ చెప్పకుండా మోగించడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. నా స్విచ్చికి అయిన ఖర్చు రెండు గజాల వైరు.

"స్టాల్‌లు అసలు జరిగేవే అరుదు, ఇప్పుడున్న ట్రైనింగే పనిచేస్తోందేమో" అంటారు కొందరు. కావచ్చు. ఎక్కువమంది పైలట్లు రిటైరయ్యేదాకా నిజమైన స్టాల్ చూడరు. మా డిపోల్లో కూడా బజర్ మోగకుండానే సర్వీసు పూర్తిచేసినవాళ్లే ఎక్కువ. వాళ్లందరూ బజర్ మోగితే సరిగ్గా చేసేవాళ్లేనని ఎలా చెప్పను?

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టుకి 2023 మేలో శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి మా జిల్లాలో టీకొట్టు దగ్గర కూడా రన్‌వే మాటలే. 3,800 మీటర్లట, పెద్ద పెద్ద విమానాలు దిగుతాయట, సెంటు ఎంతకి పలుకుతోందట. పౌర విమానయాన మంత్రి కూడా పక్కనే ఉన్న శ్రీకాకుళం ఎంపీ. రన్‌వే పొడవు అడిగినవాళ్లు నాకు వందమంది తగిలారు. దాని మీద దిగే పిల్లలకి సిమ్యులేటర్‌లో ఎన్ని గంటలు, అందులో చెప్పకుండా ఇచ్చేది ఎన్ని నిమిషాలు అని అడిగినవాడు ఒక్కడూ లేడు. గంట గంటకీ డబ్బే కాబట్టి కంపెనీ దాన్ని తప్పనిసరి ఐటమ్‌లతో నింపేస్తుంది. ఒక్కొక్కటీ టిక్ పడాలి. ఊహించనిదానికి టిక్ పెట్టే గడి ఉండదు. పెడితే, వచ్చే బ్యాచ్‌కల్లా అది కూడా ఊహించినదే అయిపోతుంది.

ఆ రాత్రి మేడ దిగేటప్పుడు మేనకోడలితో ఒకటే అన్నాను. ఈసారి వెళ్లినప్పుడు అన్నీ అయ్యాక, నాకు చెప్పకుండా ఏదైనా ఒకటి ఇవ్వండి, మార్కులు వద్దు అని నువ్వే అడుగు. సరే అంది. అనడానికి అంది అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఫోన్ చేసింది. సిమ్ అయింది, అన్నీ బాగా వెళ్లాయి అంది.

"అడిగావా?"

"అడిగాను మావయ్యా. ఇన్‌స్ట్రక్టర్‌కి నచ్చింది కూడా. తప్పకుండా ఇస్తానన్నారు."

"మరి?"

"స్లాట్ టైం అయిపోయింది. తర్వాతి వాళ్లు బయట బ్యాగులతో నిలబడి ఉన్నారు."